మనవాళ్లను మరిచిన మోతీ

నా చిన్నప్పుడు నేను దేవుడికి భయపడలేదు, బడిలో పంతులమ్మకూ భయపడలేదు. భయపడింది ఒక్క మోతీకే. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు, ముందు గదిలో మా నాయన బియ్యం దుకాణం. బస్తాలకు కాపలా మా కుక్క మోతీ. నా చేతి రొట్టె తిని పెరిగిందే అది.

ఒక వేసవిలో మొక్కు తీర్చాలని గుట్ట మీది గుడికి తీసుకెళ్లి నాకు గుండు చేయించారు. నెత్తినిండా గంధం. ఇంటికి రాగానే ఎప్పటిలాగే పరుగెత్తుకెళ్లి, పడుకున్న మోతీ మీద పడ్డాను. అంతే, అది నా పిక్క పట్టి కరిచింది! దవాఖానలో బొడ్డు చుట్టూ పొడిచిన సూదుల కన్నా నన్ను వణికించింది వేరే సంగతి. మన ఇంటి కుక్క మనల్నే కరిస్తే ఇక ఎక్కడికి పోవాలి?

మా నాయన కర్ర తీశాడు. పక్కింటి అక్క గొలుసు పట్టుకొచ్చింది. మా నాయనమ్మ ఇద్దరికీ అడ్డం నిలబడింది.

"కొడ్తే ఇంకింత బెదుర్తది. కట్టేస్తే దొంగలకు పండుగే. గుండుకు, గంధం వాసనకు మనోళ్లెవరో మర్శిపోయింది గంతే. జర మళ్ల నేర్పాలె."

గంధం వాసన పట్టిన నా గౌను చింపి, చిన్న పేలిక మోతీ అన్నం గిన్నె పక్కన పెట్టింది. ఇంట్లో ఎవరూ గట్టిగా అరవొద్దని హుకుం. మొదట అది గుర్రుమంది, తర్వాత మానేసింది. అప్పుడు పెద్ద పేలిక పెట్టింది, ఆ తర్వాత మిగిలిన గౌనంతా. చివరికి గడప దగ్గర నన్నే కూర్చోబెట్టింది. మోతీ వచ్చి నా గుండు వాసన చూసి, నాకింది. భయంతో నా లంగా తడిసిపోయింది. నాయనమ్మ లోపలికి తీసుకెళ్లి మార్చింది.

ఇన్నేళ్లకు, నిరుడు, అరికాళ్లలో తిమ్మిరి మొదలై మోకాళ్ల దాకా పాకింది. ఆబిడ్స్‌లో రోడ్డు దాటుతూ, కాలు ఎక్కడ పడిందో తెలియక నడిరోడ్డు మీద కూలబడ్డాను. లక్డీకాపూల్ దగ్గర దవాఖానలో చూపించుకుంటే, డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది.

"ఒంటికి కాపలా ఉండే కణాలే మీ నరాల పైపొరను పరాయిదనుకుని కొరుకుతున్నయమ్మా."

ఇప్పుడిచ్చే మందులు ఆ కాపలా మొత్తాన్నీ అణచిపెడతాయట, దాంతో మాటిమాటికీ జ్వరాలొస్తాయట.

"కట్టేసుడేనా? నేర్పరాదా వాటికి?" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "పరిశోధన చేసేటోళ్లు గదే చేస్తున్నరమ్మా. ఆ పొర ముక్కలను కొంచెం కొంచెంగా, ఒంట్ల గొడవ లేనప్పుడు చూపెట్టి, ఇది మనదేనని కణాలకు అలవాటు చేద్దామని. కానీ ఇంకా పరీక్షల్లనే ఉంది. మీ దాకా ఎప్పుడొస్తదో చెప్పలేను."

అది వచ్చేసరికి నేను నడుస్తూ ఉంటానా? అబద్ధమెందుకు, రోజూ పొద్దున కాలు కింద పెట్టాలంటే నాకు చచ్చేంత భయం. మంచం అంచున కూర్చుని పిక్క మీద చెయ్యి వేస్తాను. అక్కడ మోతీ పంటి గాట్లు చేతికి తెలుస్తాయి, కాలికి మాత్రం చెయ్యి వేసినట్టే తెలియదు. ఎవరూ వినకుండా, లోపల కొరుకుతున్న వాటితో, నాయనమ్మ అంత నెమ్మదిగా అంటాను: "నేనే, మోతీ. మనోళ్లమే."