దిగే మెట్లు లెక్కలో లేవు

కువైట్‌లో, మహబూలాలోని ఆ బిల్డింగుకు నేల నుంచి పదో అంతస్తు దాకా రెండు వందల ఆరు మెట్లు. కింద దుకాణాలు ఉన్నందువల్ల మొదటి అంతస్తుకు ఇరవై ఆరు, ఆపైన తొమ్మిది అంతస్తులకు ఇరవై చొప్పున. మెట్టు ఎత్తు టేపు పెట్టి కొలిచాను. పదిహేడు సెంటీమీటర్లు. మొత్తం ముప్పై ఐదు మీటర్ల రెండు సెంటీమీటర్లు. ఆ రెండూ వదిలేశాను. ఏడు వందల మీటర్ల కొండ ఎక్కాలంటే ఈ బిల్డింగును ఇరవై సార్లు ఎక్కాలి.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం బేల్దారి పనిలో, మేస్త్రి పక్కన నిలబడి నేర్చుకున్నాను.

సల్వాలో ఒక ఇంట్లో పదకొండేళ్ళుగా డ్రైవర్‌ని. యజమానిని బాబా అంటాను. అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు స్నేహితులతో కలిసి తజికిస్తాన్ కొండల్లో అడవిమేకల వేటకు పోయేవాడు. ఆ స్నేహితుల్లో ఒకాయన పోయాడు, ఒకాయన గుండెకు ఆపరేషన్ అయింది. ఒక్కసారి, ఇదే చివరిసారి అని పర్మిట్ తెప్పించుకున్నాడు. ఆ సంగతి నాకు చెప్పింది కారులోనే, వెనక సీట్లోంచి.

"నువ్వు రా నా వెంట. తుపాకీ నాది, సంచి నీది. రోజుకు ఏడు వందల మీటర్లు ఎక్కాలంట. ఎక్కగలవా?"

"లెక్క వేసి చెప్తాను బాబా."

ఆయన నవ్వాడు. "వేసుకో. నీవల్ల కాకపోతే మా తమ్ముడి డ్రైవర్ ఉన్నాడు. నేపాల్ వాడు, కొండ మీదే పుట్టాడు." కొంచెం ఆగి అన్నాడు. "అక్కడ బాబా లేడు, డ్రైవర్ లేడు. అందరికీ ఒకటే పళ్ళెం."

ఆ మాట నన్ను పట్టుకుంది. పదకొండేళ్ళుగా ఆయన నా తల వెనక భాగంతో మాట్లాడుతున్నాడు. నాకు తెలిసింది అద్దంలో కనిపించే ఆయన కళ్ళు. గేటు పక్కన నా గది. భోజనం వంటింటి వెనక తలుపు దగ్గర అందిస్తారు, గదికి తెచ్చుకుని తింటాను. సెలవుకు ఇంటికి పోయిన రోజులు తీసేస్తే, ఈ పదకొండేళ్ళలో ఇంకొక మనిషి ఎదురుగా కూర్చుని తిన్న రోజులకు రెండు చేతుల వేళ్ళు చాలు. నాకు మేకతో పని లేదు. నేను పోవాలనుకున్నది ఆ పళ్ళెం కోసం.

కువైట్‌లో కొండ లేదు. నేను రోజూ ఎక్కే ఎత్తంతా ఫ్లైఓవరే, అదీ కారులో. ఇంట్లో మెట్లున్నాయి కానీ అవి వాళ్ళవి. మహబూలా బిల్డింగుకు కాపలా చూసే హారిస్ మా వైపు మనిషే, రాయచోటి సాయిబు. బాబాను ఏడు గంటలకు మగవాళ్ళు కబుర్లకు కూడే దివానియాలో దించితే మళ్ళీ తొమ్మిదిన్నరకు తీసుకురావాలి. ఆ మధ్య కాలం నాది. బాబా అనుమతితోనే కారు తీసుకుని పోయేవాణ్ణి.

వీపు సంచిలో ఒకటిన్నర లీటర్ల నీళ్ళ సీసాలు ఆరు, అంటే తొమ్మిది కేజీలు. మొదటి వారం రోజుకు నాలుగు సార్లు. వారానికి రెండు పెంచితే తొమ్మిదో వారానికి ఇరవై. ఎక్కడానికి నాలుగు నిమిషాలు. పైనుంచి లిఫ్టులో దిగడానికి ఒకటిన్నర. నడిచి దిగితే మూడు. ఇరవై సార్లకు అరగంట మిగులుతుంది, మోకాళ్ళకూ విశ్రాంతి. అందుకని లిఫ్టు.

హారిస్ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండేవాడు.

"ఏంది సామీ, ఎక్కను నడకా, దిగను లిఫ్టా? మీ తిరుమలకు పోతాండావా ఏందీ?"

"అంతే అనుకో."

"ఆడైతే పైన దేవుడుండాడు. ఈడ పైన నీళ్ళ ట్యాంకే గదప్పా ఉండేది!"

నవ్వాను. నిజమే, మా ఊరి వాళ్ళం తిరుమల కొండ నడిచే ఎక్కుతాం, బస్సులో దిగుతాం. మొక్కు ఎక్కడానికే. దిగిన మెట్లను ఎవరూ లెక్కబెట్టరు.

మెట్ల దారిలో ఏసీ ఉండదు. జూలైలో గోడలు కూడా వేడి. మూడో అంతస్తులో ఎండుచేపల వాసన. తొమ్మిదిలో ఒక తలుపు వెనక ఎవరో ఫోన్‌లో బిడ్డకు ఎక్కాలు చెప్పిస్తుండేవాడు. ఏడో ఎక్కం దగ్గర బిడ్డ రోజూ తప్పేది. తలుపు ఇవతల నేను సరైన జవాబు గొణుక్కుని పైకి పోయేవాణ్ణి. ఆ తొమ్మిది వారాల్లో మెట్ల మీద నాకు ఒక్క మనిషీ ఎదురు రాలేదు.

తొమ్మిదో వారం ఇరవై పూర్తయింది. నా లెక్కల పుస్తకంలో ఏడు వందలు అని రాసి కింద గీత గీశాను. బాబాకు చెబితే, "షాబాష్, ఎల్లుండి అల్ రాయ్ పోయి నీకు బూట్లు కొందాం" అన్నాడు. ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులు.

ఆ సాయంత్రం లిఫ్టు ఆగిపోయి ఉంది.

"ఖలాస్ సామీ, మెకానిక్ రేపొస్తాడంట. ఈ పొద్దుకు ఇంటికి పో."

నేను పోలేదు. ఎక్కాను, నడిచి దిగాను. దిగడం హాయిగానే ఉంది, ఊపిరి కూడా మారలేదు. ఎనిమిదోసారి దిగుతుంటే తొడలు వణికాయి. పన్నెండోసారి కమ్మీ పట్టుకుని, మెట్టుకు రెండు పాదాలూ ఆనించి ముసలివాడిలా దిగాను. హారిస్ కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టాడు.

మర్నాడు నొప్పి. రెండో రోజు ఇంకా ఎక్కువ. ఆ రోజే అల్ రాయ్ పోవాలి. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద పెట్టిన కాలు వణికింది. కారు ముందుకు పాకింది. ముందున్న బండికి జానెడు దూరంలో ఆగాం.

అద్దంలో కళ్ళు నన్నే చూస్తున్నాయి.

"కాలికి ఏమైంది?"

చెప్పాను. ఎన్ని సార్లు ఎక్కానో, ఎలా దిగేవాణ్ణో, లిఫ్టు ఆగిన రోజు ఏమైందో అంతా.

"ఎక్కేటప్పుడు ఊపిరి అందకపోతే ఆగొచ్చు," అన్నాడు. "దిగేటప్పుడు కాలు ఆగకపోతే ఏం చేస్తావు?"

సిగ్నల్ మారింది.

"నీ లెక్క ఎప్పుడూ తప్పలేదు. నువ్వే చెప్పు. నిన్ను తీసుకుపోనా?"

పోదామంటే ఒక్క మాట చాలు. ఆయన నమ్మేవాడు. మిగిలింది పది రోజులు. నొప్పి తగ్గడానికి నాలుగైనా పోతాయి. మిగిలిన ఆరింటిలో, తొమ్మిది వారాల్లో చేయనిది చేయాలి. వాలులో ఆయన ముందు దిగుతాడు, సంచితో నేను వెనక. నా కాలు జారితే పడేది ఆయన మీద.

"వద్దు బాబా," అన్నాను. "లెక్క సరిపోవడం లేదు."

ఆయన ఫోన్ తీసి తమ్ముడితో మాట్లాడాడు. ఆ నేపాల్ డ్రైవర్‌ది కూడా నలభై రెండో సైజే. అందుకని అల్ రాయ్ దుకాణంలో బూట్లు నా కాళ్ళకే తొడిగి చూశారు. అక్కడ ఏటవాలుగా కట్టిన ఒక చెక్క ఉంది. దుకాణం అతను నన్ను ఎక్కించి, "ఇప్పుడు దిగు, వేళ్ళు కొసకు తగలకూడదు" అన్నాడు. కమ్మీ లేదు. మెల్లగా దిగాను. వేళ్ళు తగలలేదు.

"మంచి బూట్లు," అని చెప్పాను.

పన్నెండో రోజు ఇద్దరినీ ఎయిర్‌పోర్టులో దించాను. బాబా చెయ్యి కలిపాడు. పదకొండేళ్ళలో అదే మొదటిసారి. తిరిగి వచ్చేటప్పుడు అద్దంలో ఖాళీ సీటే ఉంది.

సాయంత్రం మహబూలా పోయాను. హారిస్ లేచి నిలబడ్డాడు.

"పోలేదా సామీ?"

"లేదు."

లిఫ్టు బాగైంది. అందులో పదో అంతస్తుకు పోయి, తొమ్మిది కేజీలతో నడిచి దిగాను. మళ్ళీ లిఫ్టులో పైకి.

"ఇదేందప్పా, తిరగేసినావే!" అన్నాడు హారిస్.

నాలుగు సార్లు దిగాను. తొమ్మిదిలో ఆ బిడ్డ ఏడో ఎక్కం తప్పు లేకుండా చెప్పింది. కింద కూర్చుని పుస్తకంలో రెండో వరస గీసి, పైన 'దిగుడు' అని రాశాను. కింద నాలుగు. వారానికి రెండు పెంచాలి. ఎక్కడికి పోవడానికని హారిస్ అడగలేదు. తన టిఫిన్ డబ్బా తెచ్చి, మూత తీసి, నా ఎదురుగా కూర్చున్నాడు.