మా అమ్మ చదివిన ముగింపు

పుస్తకాల గ్రూపులో ఆ పాత నవల అట్ట చూసి మురిసిపోయాను. కింద అభిప్రాయాలు చదివాక ఒళ్లు మండింది. దేశం నుంచి తరిమేసిన రాజునే మన్నించి రాకుమారి పెళ్లాడుతుందట, "ప్రేమంటే అదీ!" అట. దానికి ఎన్ని లైకులో!

తొంభైల్లో మద్రాసు చూలైలో పెరిగినవాళ్లకు గుర్తుందా, మేడ మీద వడియాలు పెడుతూ ఆడవాళ్లు నవలలు వినడం? ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో అరవమే నేర్చారు కాబట్టి, నెల్లూరు నుంచి కోడలిగా వచ్చిన మా అమ్మే అందరికీ చదివి వినిపించేది.

ఈ నవల ఆఖరి పేజీల్లో రాజు రథం రాకుమారి ఉన్న అడవికి రాగానే పక్కింటి కాంతత్త, "రాజే వచ్చి పిలస్తా ఉండాడు గదా, పోకుండా ఈడేం జేస్తాది?" అంది.

అమ్మ మొహం ఎర్రబడింది. "తరిమేసిన రోజు ఎవురన్నా అడ్డం పడినారా? ఇప్పుడు పిలస్తే పోవాల్నా?" అని మళ్లీ చదవసాగింది. రాకుమారి కుటీరం తలుపు మూసేసింది.

కాంతత్త ఇంకో రెండు వడియాలు పెట్టింది. తర్వాత, "మంచి పని జేసింది వదినా" అంది.

అమ్మ భుజం మీదుగా, ఆమె నేర్పిన అక్షరాలు కూడబలుక్కుంటున్న నాకు ఆ పేజీలో తలుపన్న మాటే కనబడలేదు.

ఈ గ్రూపులో అందరికీ చదవడం వచ్చు. ఏం లాభం? చదివి వినిపించడానికి వాళ్లకు మా అమ్మ లేదు.