పెదనాన్న నడిపిన పడవలు

పెదనాన్న పోయారని మొన్న పొద్దున్నే రాయపూర్ దేవేంద్ర నగర్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి, ముంగిట్లో కూర్చున్నవాళ్లు ఆయన ఒక చెరువును కాపాడారని చెప్పుకుంటున్నారు. బతికుండగా ఆ మాట వింటే లేచి లోపలికి వెళ్లిపోయేవారు.

ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక ఆయన నయా రాయపూర్ వైపు ఒక చెరువు మీద బోటింగ్ ఘాట్‌కి మేనేజరయ్యారు. పెట్రోలు బోట్లంటే ఆయనకు చిన్నపిల్లల సరదా. సాయంత్రం బోటు అడుగున చేరిన నూనె నీళ్లు తోడించి చెరువులోనే పోయించేవారు. సబ్బుతో కడిగించడమూ అక్కడే. అందరూ చేసేదే కదా అనేవారు.

చలికాలం మొదట్లో ఒకరోజు దారిలో సింఘాడాలు కొని తెచ్చారు. చెరువు నీళ్లమీద పాకే తీగలకు కాసే ఆ కాయల్ని పెద్దమ్మ ఉడకబెట్టి అందరికీ పెట్టింది. తను ఒకటి కొరికి ఆగిపోయింది.

"ఇదేటండీ, పెట్రోలు కంపు కొడతంది? ఎక్కడివి?"

పెదనాన్న ఒకటి నోట్లో వేసుకున్నారు. ఉమ్మేయకుండా మింగి, "మా చెరువువే" అన్నారు.

"ఛోడో నాన్నా, మన బోట్ల వల్లేనని ఎవుడికి తెలుస్తాది?" అన్నాడు అన్నయ్య.

"నాకు తెలిసిపోనాది కదరా."

మర్నాడు ఆయన వెంట చెరువుకి నేనూ వెళ్లాను. వ్యాపారి వాసనొస్తున్నాయని తిప్పి పంపిన కాయల్ని కుప్పపోసుకుని, అవతలి గట్టున వాటిని పండించిన రైతు కూర్చుని ఉన్నాడు. పెదనాన్న చెప్పులు విడిచి అతని ముందు నిలబడ్డారు.

"భయ్యా, యే హమారీ నావ్ కా తేల్ హై. గల్తీ మేరీ హై." మా బోట్ల నూనే ఇది, తప్పు నాదేనని ఒప్పుకున్నారు.

రైతు కోప్పడలేదు. "అబ్ కా కరబో?" అన్నాడు, ఇప్పుడేం చేస్తాం అన్నట్టు. ఆ రోజు తిట్టినా బాగుండేదని పెదనాన్న తర్వాత ఎన్నోసార్లు అన్నారు.

ఆ సాయంత్రమే ఘాట్ యజమానితో పెద్ద గొడవ. రైతులు నష్టం కట్టమని అడగడానికొస్తే వాళ్ల పక్కనే నిలబడతానని ఈయన ఖచ్చితంగా చెప్పేశారు. యజమాని గొణుక్కుంటూనే దిగొచ్చాడు. పెట్రోలు బోట్లు పోయి తొక్కుడు బోట్లు వచ్చాయి. వాటిని కడగడం చెరువుకు దూరంగా, గట్టు దాటాకే. బోటు దిగే పిల్లల్ని పెదనాన్న ఆపి అడిగేవారు: "చిప్స్ ప్యాకెట్ నీళ్లలో పారేశావా బేటా? సచ్ బోల్, నిజం చెప్పు." ఆ గొంతులో కోపముండదు, బతిమాలుతున్నట్టుండేది.

చెరువును కాపాడారని అక్కడి తెలుగువాళ్లంతా కలిసి సన్మానం చేస్తామని ఇంటికొస్తే, "నేను పాడుచేసిన నీళ్లకి నాకే శాలువాటండీ?" అని మొహం తిప్పుకున్నారు. వచ్చినవాళ్లు వినయం అనుకున్నారు. అది సిగ్గని మా ఇంట్లోవాళ్లకు తెలుసు. అందరి ముందూ ఆ సంగతి చెప్పడానికి మాకూ నోరు రాలేదు. మొన్న ముంగిట్లోనూ రాలేదు.

ఆయనతో చివరిసారి పోయినేడాది బోటెక్కాను. ఇద్దరం తొక్కుకుంటూ అవతలి గట్టు దాకా వెళ్లాం. తీగలు మళ్లీ దట్టంగా అల్లుకున్నాయి. వాటి మధ్య నడుములోతు నీళ్లలో నిలబడ్డ రైతు మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు.

"పెదనాన్నా, ఆయన మిమ్మల్నే పిలుస్తున్నాడు," అన్నాను.

ఆయన తలెత్తలేదు. తొక్కుతున్న పాదాలు మాత్రం ఆగిపోయాయి. పడవ ఆ తీగల పక్కనే నెమ్మదిగా ఊగుతూ ఉండిపోయింది. రైతు ఇంకా చెయ్యి దించలేదు.