పొయ్యి ముందు వెళ్లింది

హైదరాబాద్‌లో మా ఇంటి కిరాయి మళ్లీ పెరిగింది. చౌటుప్పల్‌లో దాదాపు సగం కిరాయికే పెద్ద ఇల్లు దొరికింది. కానీ నా ఆఫీసూ, బిడ్డ బడీ నగరంలోనే ఉన్నాయి. పోవాలా వద్దా అని నేనూ నా భార్యా తేల్చుకోలేకపోతుంటే, నల్లగొండ నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఎల్లుండి ఆషాఢం పడ్తది. మీరు ఎన్నడన్న పోండ్రి గని, రేపే పాలు పొంగియ్యాలె."

అడ్వాన్సు ఇచ్చి తాళంచెవి తీసుకున్నాం. మరునాడు అమ్మ కూడా వచ్చింది. మాకున్న ఒక్క గ్యాస్ పొయ్యినీ, సిలిండర్‌నూ తీసుకెళ్లి పాలు పొంగించాం. తిరిగొచ్చేటప్పుడు పొయ్యిని ఆటోలో పెట్టబోతే అమ్మ గుమ్మంలో నిలబడింది.

"పాలు పొంగిచ్చిన పొయ్యిని మళ్ల బయటికి తీస్తరా?"

నాకు ఒళ్లు మండింది. అయినా తియ్యలేదు.

ఆ నెలంతా నగరంలో హోటల్ తిండే తిన్నాం. ఇంకో పొయ్యి కొంటే ఇక్కడే ఉంటామని ఒప్పుకున్నట్టవుతుందని నా భార్య కొననివ్వలేదు. ఆదివారం రాగానే కూరగాయల సంచితో చౌటుప్పల్ బస్సెక్కేవాళ్లం. ఆ ఖాళీ ఇంట్లో వండుకుని, కింద కూర్చుని తిని, మళ్లీ అదే వాదన పెట్టుకుని సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లం.

శ్రావణం వచ్చాక ఒక ఆదివారం పక్కింటామె తలుపు దగ్గరికొచ్చి, "సామాన్లు ఎప్పుడు తెస్తున్నరు?" అని అడిగింది.

నేను నా భార్య వైపు చూశాను. ఆమె పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

"మేం గీడికి అన్నం తినెతందుకే వస్తున్నం" అంది.