విత్తనానికి దాచినవి

ఉరవకొండ బస్సులో పక్కన కూర్చున్నామె ఒడిలో శనక్కాయలు ఒలుస్తూ, "పిల్లోళ్లెంతమందక్కా?" అని అడిగింది. లేరన్నాను.

"నాకూ లేరు. గొడ్రాలి చెయ్యి తగిల్తే మొలకెత్తవని మా అత్త నన్ను విత్తనాలు ముట్టనీదు."

జాలిగా చూశాను. ఆమె నవ్వింది.

"కడుపుతో ఉన్నప్పుడు నా మొగుడు తన్నినాడక్కా. బిడ్డ పోయింది. మా అత్త సూస్తా నిలబడింది. అప్పుడే ఆస్పత్రిలో మళ్లీ కడుపు రాకుండా లూప్ ఏయించుకొంటి. ఎవురికీ తెల్దు. వాళ్ల వంశం నాతోనే ఆగిపోవాల."

కాసిని గింజలు నా దోసిట్లో పోసింది.

"తినక్కా. ఆయమ్మ విత్తనానికి దాచినవే."

తిన్నాను. తియ్యగా ఉన్నాయి.

ఇంటికి రాగానే మా అత్త, సంతానం కోసం ఈసారి ఏ దేవుడికి మొక్కాలో చెప్పసాగింది. అంతవరకూ తల దించుకుని వినేదాన్ని. ఆ రోజు నవ్వాను. పిల్లలు వద్దనుకున్నది నేనేనని ఆమెకింకా తెలియదు.