బంతిలో కూర్చోని మిలిట్రీ తాత

ఫంక్షన్ హాల్లో వేడి పప్పుచారు వాసన వస్తే నాకు మా మిలిట్రీ తాత గుర్తొస్తాడు. సైన్యం నుంచి తిరిగొచ్చాక, ఖిలా వరంగల్‌లోని మా వాడకట్టులో పెండ్లయినా దినాలయినా వడ్డన ఆయనదే. మేమంతా కింద బంతిలో కూర్చుంటే ఆయన ఎడమ కాలు ఈడుస్తూ బకెట్ పట్టుకుని తిరిగేవాడు. ఆఖరి బంతిలో కూడా కూర్చునేవాడు కాదు.

నేను అప్పటికే గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివేదాన్ని. మంచి దళపతి తన వాళ్లు తిన్నాకే తింటాడని ఒకదాంట్లో చదివి, అందరికీ గర్వంగా చెప్పాను.

"మిలిట్రోళ్లంటే గట్లుంటరు మరి!" అన్నారు పెద్దలు.

ఒక మధ్యాహ్నం అమ్మ కూర ఇచ్చి పంపితే తాత వాళ్లింటికి వెళ్లాను. తాత మంచం మీద కాలు బారచాపి అన్నం తింటున్నాడు.

"తాతా, నువ్వు గూడ కూసోని తింటవా!" అన్నాను.

పక్కన వడ్డిస్తున్న అవ్వ, తాత భార్య, నవ్వలేదు. "లడాయిల దెబ్బ తాకి మోకాలు మడతవడది బిడ్డా. కింద కూసుంటే పక్కోళ్లు తినే ఇస్తారాకు దిక్కు కాలు సాపాలె."

"మరి కుర్చీ అడుగొచ్చు గద?"

"అందరు కింద కూసుంటే నేనొక్కణ్ని మీద కూసోవాల్నా?" అన్నాడు తాత అలసటగా. "బకెట్ వట్టుకుంటే ఎవ్వరేమడుగరు."

ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. ఒక్కపూటైనా మా పక్కన కూర్చుని తినాలని ఆయనకు ఉండేదేమో. ఆ మాట నోరు తెరిచి చెప్పలేనంతగా మేమాయన్ని మెచ్చుకున్నాం.