మా అక్వేరియంలో మాయమైన చేపలు

మావారికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో మేం సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఉండేవాళ్లం. నేరేడ్‌మెట్‌లో ఒకాయన ఇల్లు మారుతూ తన పెద్ద ఉప్పునీటి అక్వేరియం అమ్ముతుంటే కొన్నాం. "గా రాళ్లు సుత తీస్కపోండ్రి. అవి లేకుంటే చేపలు బతకయ్" అని ఆయన పట్టుబట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది. రాళ్లను నీళ్ల బకెట్లలోనే ఇంటికి తెచ్చాం.

హాల్లో తొట్టె అమర్చి, ఉప్పునీళ్లు నింపి, కొత్త చేపలు వదిలాం. తెల్లారేసరికి ఒకటి మాయం. మర్నాడు ఇంకోటి. చచ్చి తేలిందీ లేదు. పక్కింటి పిల్లిని అనుమానించాను, పనిమనిషిని అనుమానించాను. చివరికి మావారినే అడిగాను, "చచ్చినవాటిని నాకు తెలియకుండా పారేస్తున్నారా?" అని.

ఆయనకు ఉక్రోషం వచ్చి, నీళ్లలో చెయ్యి పెట్టి పెద్ద రాయి కదిపారు. దాని బొరియలోంచి పాములాంటిది నోరు తెరుచుకుని దూసుకొచ్చింది. ఆయన చెయ్యి లాక్కుని నామీద పడ్డారు.

అమ్మినాయనకి ఫోన్ చేసి దులిపేశాను. "అది ఈల్ చేప మేడమ్. కనబడకపోతే సచ్చిపోయిందనుకున్న. మా బిడ్డ అన్నం సుత తినలే" అన్నాడు. సాయంత్రం ఆ పాపతో వచ్చి, దాన్ని బకెట్లో పట్టుకెళ్లాడు. పాప మొహం చూశాక నా కోపం పోయింది.

భయం మాత్రం పోలేదు. ఇప్పటికీ మంచం కింద చెప్పులు తీయాలన్నా ముందు లైటు వేస్తాను.